ఎముకల ఆపరేషన్‌లో రోగి ఒళ్లు చల్లబడనివ్వకండి: కోనసీమ జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ

కలెక్టర్ గారూ, నమస్కారం.

రోహిణి కార్తెలో అమలాపురం ఉడికిపోతుంటే ఆపరేషన్ బల్ల మీద మనిషి చలికి వణుకుతాడంటే నమ్మబుద్ధి కాదు. కానీ మత్తు ఇవ్వగానే చర్మం కింది రక్తనాళాలు విచ్చుకుని, లోపలి వేడి కాళ్లూచేతులకు జారిపోతుంది. మొదటి గంటలోనే డిగ్రీ, డిగ్రీన్నర సెల్సియస్ పడిపోవచ్చు. నడుముకి ఇచ్చే మత్తూ ఇందుకు మినహాయింపు కాదు. ఆపైన ఏసీ 18లో ఉంటుంది. తుంటి విరిగిన ముసలమ్మకి అది చాలు.

ఒంటి వేడి 36 డిగ్రీలకంటే తగ్గితే రక్తం సరిగా గడ్డకట్టదు, గాయం చీముపట్టే ముప్పు పెరుగుతుంది. తుంటి కీలు మార్పిడిపై 1996లో వచ్చిన అధ్యయనంలో, 1.6 డిగ్రీల తేడాకే సుమారు అర లీటరు రక్తం అదనంగా పోయింది.

అందుకే మా విన్నపం. మత్తుకి కనీసం అరగంట ముందే వేడిగాలి దుప్పటి (యంత్రం గొట్టం ద్వారా వేడిగాలి పంపే దుప్పటి) కప్పాలి. గొట్టం మాత్రం దుప్పటికి తగిలించకుండా నేరుగా ఒంటిమీదకి వదలకూడదు, కాలుతుంది. వేడినీళ్ల సీసాలైతే అసలే వద్దు; మొద్దుబారిన కాలికి కాలుతున్న సంగతే తెలియదు. అర లీటరు దాటి ఎక్కించే సెలైన్‌ను 37 డిగ్రీలకు వెచ్చచేయాలి. రోగిని పూర్తిగా కప్పేదాకా గది 21కి తగ్గకూడదు (సర్జన్లు ఉక్కపోతని విసుక్కుంటారు, పర్వాలేదు). అరగంటకోసారి ఉష్ణోగ్రత చూసి కేసు షీటులో రాయాలి. ఆ గడి చాలాచోట్ల ఖాళీగానే ఉంటోంది.

దుప్పటి యంత్రాన్ని జనరేటర్ లైనుకే కలిపించండి. తుపాను రోజుల్లో కరెంటు సంగతి మీకు తెలిసిందే.

ఇట్లు,
మత్తు, ఎముకల విభాగాల సిబ్బంది