మీరు అంటగట్టిన 15 కేవీఏకి "లోడ్ తక్కువ" అని మమ్మల్ని తప్పుపడితే ఎలా?

కస్టమర్ కేర్ విభాగం వారికి,

విషయం: ఇంటికి అమ్మిన 15 కేవీఏ (కేవీఏ అంటే జనరేటర్ సామర్థ్యం కొలత) డీజిల్ జనరేటర్‌కు వారంటీ నిరాకరణ, ఏఎంసీ (ఏడాది మెయింటెనెన్స్ కాంట్రాక్టు) సర్వీసు సరిగా చేయకపోవడం గురించి.

అయ్యా,

పోయిన వారం మీ సర్వీస్ ఇంజనీర్ మా ఇంటికొచ్చి రిపోర్టులో ఒక వాక్యం రాసి వెళ్లాడు. "లోడ్ తక్కువగా నడపడం వల్ల వచ్చిన సమస్య, వారంటీ వర్తించదు." దాని కిందే డీజిల్ చిమ్మే నాజిల్ మార్చడానికి, ఇంజన్ హెడ్ విప్పి కార్బన్ గీకడానికి, సైలెన్సర్ శుభ్రం చేయడానికి, ఆయిల్‌కి, ఫిల్టర్లకి ఎస్టిమేట్ కూడా వేశాడు. నా గొడవంతా ఆ ఒక్క వాక్యం మీదే.

మాది బాపట్ల. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను మా దగ్గరే తీరం దాటింది. ఇన్వర్టర్ బ్యాటరీలు ఎంతసేపని వస్తాయి, అవి చేతులెత్తేశాక బోరు మోటారు తిరగక ఇంట్లో చుక్క నీళ్లు లేవు. ఫ్యాన్ లేకపోతే ఎలాగో ఓర్చుకోవచ్చు గానీ ఇంట్లో పెద్దవాళ్లను పెట్టుకుని నీళ్లు లేకుండా ఎన్నాళ్లుంటాం? అందుకే తర్వాత ఏడాది మీ డీలర్ దగ్గరికి వెళ్లాం. సైట్ సర్వే అని ఒకతన్ని పంపారు. అతను ఇల్లంతా తిరిగి లోడ్ లిస్టు, అంటే ఏది ఎంత కరెంటు లాగుతుందో, తన చేతిరాతతోనే రాసుకున్నాడు. లైట్లు, ఫ్యాన్లు, ఫ్రిజ్, టీవీ కలిపి 700 వాట్లు, ఒకటిన్నర టన్ను ఇన్వర్టర్ ఏసీ ఒకటి, ఒకటిన్నర హెచ్‌పీ బోరు మోటారు. లిస్టు కింద "15 కేవీఏ" అని రాసి గుండ్రంగా గీత కూడా చుట్టాడు. ఆ కాగితం నా దగ్గర ఉంది, ఫొటో జత చేస్తున్నాను.

ఇంత పెద్దది ఎందుకయ్యా అని అప్పుడే అడిగాం. మోటారు స్టార్టయ్యేటప్పుడు ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది సార్, చిన్నది తీసుకుంటే వోల్టేజీ పడిపోతుంది, రేపు ఇంకో రెండు ఏసీలు పెట్టుకుంటే మళ్లీ జనరేటర్ మార్చాలి అన్నాడు. మోటారు సంగతి నిజమే, కాదనను. కానీ ఆ లాగుడు ఉండేది క్షణాలే, ముందు మోటారు వేసి అది అందుకున్నాక ఏసీ వేసుకుంటే ఒకటిన్నర హెచ్‌పీకి 7.5 కేవీఏ సరిపోతుందని మా ఊరి మెకానిక్ చెబుతున్నాడు, మీ ఇంజనీర్‌ని అడిగితే అతనూ కాదనలేదు, "అది సేల్స్ వాళ్లు చూసుకోవాల్సింది సార్" అన్నాడు. ఇక ఆ ఇంకో రెండు ఏసీలు ఎవరి ఇంటికో నాకు తెలియదు, మేమైతే అడగలేదు.

ఇప్పుడు లెక్క చూడండి. 15 కేవీఏ అంటే పవర్ ఫ్యాక్టర్ (కేవీఏలో నిజంగా పనికొచ్చే వంతు) 0.8 చొప్పున 12 కిలోవాట్లు. మా ఇంట్లో మోటారు, ఏసీ, ఫ్రిజ్ అన్నీ ఒకేసారి వేసినా నాలుగు కిలోవాట్లు దాటదు. మోటారు తిరిగేది ట్యాంకు నిండేదాకే, రాత్రంతా నడిచేవి ఫ్యాన్లూ, ఫ్రిజ్జూ, ఒక ఏసీ. గది చల్లబడ్డాక అన్నీ కలిపి ఒకటిన్నర కిలోవాటుకి అటూఇటూ, అంటే ఇంజన్ సత్తాలో ఎనిమిదో వంతు. మీ మాన్యువల్‌లోనేమో 30 శాతం కన్నా తక్కువ లోడ్ మీద ఎక్కువసేపు నడపకూడదని స్పష్టంగా ఉంది. అంటే లోడ్ లిస్టు చేతిలో పెట్టుకుని మరీ, మీ మాన్యువల్ వద్దన్న పద్ధతిలో తప్ప నడపడానికి వీల్లేని మెషిన్ని మీరు మాకు అమ్మారు.

ఫలితం ఏమైందో ఫొటోల్లో కనిపిస్తుంది. సైలెన్సర్ పైపు జాయింట్ల దగ్గర నల్లటి జిడ్డు కారి గోడంతా మరకలు. స్టార్ట్ చేస్తే చాలాసేపు తెల్లపొగ, పక్కింటివాళ్లు కిటికీలు మూసుకుంటున్నారు. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ పలచగా, డీజిల్ వాసనతో ఉంది. ఇది ఎందుకవుతుందో మీకు నేను చెప్పాల్సిన పని లేదు, అయినా మీ కాల్ సెంటర్‌లో ప్రతిసారీ "డీజిల్ కల్తీ అయ్యుంటుంది సార్" అంటున్నారు కాబట్టి చెబుతున్నాను. డీజిల్ ఇంజన్‌లో స్పార్క్ ప్లగ్గు ఉండదు, గాలిని నొక్కితే పుట్టే వేడికే ఇంధనం అంటుకోవాలి. లోడ్ లేకపోతే సిలిండర్ తగినంత వేడెక్కదు, సగం కాలిన డీజిల్ నాజిల్ మీదా పిస్టన్ రింగుల మీదా మసిలా పేరుకుంటుంది, కొంత సైలెన్సర్‌లోకి పోయి జిడ్డులా కారుతుంది, కొంత రింగుల సందుల్లోంచి దిగి ఆయిల్లో కలుస్తుంది. మా డీజిల్ పెట్రోలు బంకుదే, మీ ఇంజనీర్ స్వయంగా వాటర్ సెపరేటర్ విప్పి చూశాడు, నీళ్లూ లేవు, మడ్డీ లేదు. కనీసం ఆ మాట రిపోర్టులో రాయమంటే రాయలేదు.

దీనికి తోడు మీ టెక్నీషియన్ ప్యానెల్ తలుపు మీద ఒక స్టిక్కర్ అంటించి వెళ్లాడు. "వారానికి ఒకసారి 10 నిమిషాలు లోడ్ లేకుండా నడపండి." మేము బుద్ధిగా అలాగే నడిపాం. లోడ్ తక్కువైనందుకే పాడైందని ఇప్పుడు అంటున్న కంపెనీయే అసలు లోడే లేకుండా వారం వారం తిప్పమని రాసిచ్చింది! ఆ స్టిక్కర్ మీద మీ లోగో ఉంది. ఎవరైనా వచ్చి పీకేస్తారేమోనని దాని ఫొటో కూడా తీసి పెట్టాను.

ఏఎంసీ సంగతి ఇంకో కథ. డబ్బు ముందే మొత్తం కట్టించుకున్నారు. వచ్చినతను కానోపీ (జనరేటర్ పైనుండే డబ్బా) తుడిచి, ఫోన్‌లో ఫొటో తీసుకుని, సంతకం పెట్టించుకుని వెళ్తాడు. 250 గంటలకు గానీ ఏడాదికి గానీ, ఏది ముందైతే అప్పుడు ఆయిల్, ఆయిల్ ఫిల్టర్ మార్చాలని మీ పుస్తకంలో ఉంది కదా, పాత ఫిల్టర్ చేతికివ్వమంటే "స్టోర్‌కి రిటర్న్ చేయాలి సార్" అంటాడు. రిపోర్టుల్లో అవర్ మీటర్ రీడింగ్ రాసే గడి ఖాళీగా వదిలేశారు. అది లేకుండా ఏ గంటలకు ఏ సర్వీసు చేశారో మీకైనా ఎలా తెలుస్తుంది?

మొన్న వేసవిలో రాత్రి కరెంటు పోతే ఏఎంఎఫ్ ప్యానెల్ (కరెంటు పోగానే జనరేటర్‌ని దానంతటదే స్టార్ట్ చేసేది) తన పని తాను చేసింది, మూడుసార్లు సెల్ఫ్ కొట్టింది, ఇంజన్ అందుకోక అలారం మోగించి ఆగిపోయింది. బ్యాటరీ పూర్తిగా దిగిపోయింది. తీరా చూస్తే ప్యానెల్లో బ్యాటరీ ఛార్జర్ ఫ్యూజు ఎప్పుడో పోయింది. అంతకుముందు సర్వీసు రిపోర్టులో "బ్యాటరీ ఓకే" అని టిక్కు ఉంది. రూపాయల్లో దొరికే ఫ్యూజు చూడనివాళ్లు ఇంజన్‌ని ఏం చూస్తారని నేను అనుకోవాలి?

నాకు కావాల్సింది ఇది. ఈ 15 కేవీఏ వెనక్కి తీసుకుని మా లోడ్‌కి తగిన 7.5 కేవీఏ పెట్టి, ధరలో తేడా తిరిగివ్వండి. అది కుదరదంటే ఎందుకు కుదరదో కాగితం మీద రాసివ్వండి. అప్పుడైనా ఎస్టిమేట్‌లో రాసిన పనులన్నీ వారంటీ కింద ఉచితంగా చేసి, లోడ్ బ్యాంక్ (జనరేటర్ మీద కావాల్సినంత లోడ్ పెట్టే పరికరం) తెచ్చి పూర్తి లోడ్ మీద నడిపి చూపించి, ఇంజన్‌కి మరో రెండేళ్లు వారంటీ పొడిగించాలి. "ఏసీలన్నీ వేసి గంట నడపండి సార్, జిడ్డంతా కాలిపోతుంది" అనే సలహా మాత్రం మళ్లీ ఇవ్వకండి, ఉన్నది ఒక్క ఏసీ. ఏఎంసీ డబ్బులో చేయని పనుల భాగం కూడా వాపసు ఇవ్వాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే ముందు 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో, ఆ తర్వాత 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. ఐదు లక్షల లోపు కొన్న వస్తువుకి అక్కడ ఫీజు కూడా లేదు, మా జనరేటర్ ఆ లోపుదే.

ఇన్‌వాయిస్, సర్వే కాగితం, స్టిక్కర్, సర్వీసు రిపోర్టులు, మరకల ఫొటోలు జత చేశాను. ఎవరినైనా పంపేటట్లయితే ముందురోజు ఫోన్ చేయండి, మా మెకానిక్‌ని కూడా పిలుస్తాను, అతని ఎదురుగానే చూడాలి.

ఇట్లు,
మీ కస్టమర్, బాపట్ల