సాంబారు కవర్ మూల ముక్క

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

మార్కుల కాగితాలు పిల్లల చేతికే ఇచ్చి పంపాను, సంతకం పెట్టి పంపండి. ఈసారి ఉత్తరం ఒక గోరంత ప్లాస్టిక్ ముక్క గురించి.

మొన్న భోజనాల వేళ వరండాలో నిలబడి ఉన్నాను. ఆరో తరగతి పిల్లాడొకడు కర్రీ పాయింట్ సాంబారు కవర్ ముడి ఎంతకీ రాకపోతే, మూల పంటితో కొరికి, ఆ ముక్కను తుప్పున పక్కకు ఊసి, సాంబారు అన్నంలో పిండుకున్నాడు. ఖాళీ కవర్ బుద్ధిగా చెత్తడబ్బాలో వేశాడు, నేను భేష్ అన్నాను కూడా. సాయంత్రం వేపచెట్టు కింద వంగి చూస్తే కదా తెలిసింది, ఇసుక నిండా అవే ముక్కలు. "చీపురుకు రావమ్మా, చేత్తో ఏరాల్సిందే" అంది ఆయమ్మ.

వాడినేం అంటాను? మా స్టాఫ్ రూమ్‌కు పదకొండింటికి వచ్చే టీ కూడా కవర్‌లోనే వస్తుంది, కత్తెరతో మూల కత్తిరించేది నేనే. పేపర్ కప్పుల్లో తాగుతున్నాం కదా అని ధీమాగా ఉండేవాళ్లం, వాటి లోపలా తడి దిగకుండా పల్చటి ప్లాస్టిక్ పూతే.

తమాషా ఏమిటంటే, ఈ ప్లాస్టిక్ మొదట్లో ఏనుగును కాపాడే సరుకులా, దాని దంతానికి బదులుగా వచ్చింది. 1860ల్లో అమెరికాలో బిలియర్డ్స్ బంతులకు ఏనుగు దంతం బదులు ఇంకేదైనా కనిపెడితే బహుమతి ఇస్తామని ప్రకటించారు. ఆ పని మీద కూర్చున్న జాన్ వెస్లీ హయత్ సెల్యులాయిడ్ అనే తొలితరం ప్లాస్టిక్ తయారుచేశాడు. దాంట్లో మన హారతి కర్పూరం కూడా ఉంటుందంటే పిల్లలు నమ్మలేదు. కవర్ చేసే పాలిథిన్ మాత్రం 1933లో ఇంగ్లండ్‌లో ఒక ప్రయోగం అనుకున్నట్టు జరక్క, పాత్రలో మిగిలిన తెల్లటి మైనం లాంటి పదార్థం. ఇప్పుడది ముడి చమురు నుంచీ గ్యాస్ నుంచీ వస్తోంది. అది కుళ్లదు, ఎండకు పెళుసుబారి ఇంకా చిన్న ముక్కలవుతుంది, అంతే.

మన బడి ముందు కాలువ నీళ్లు చివరికి చేరేది సముద్రానికే. జనవరి నుంచి మార్చి దాకా మన తీరానికి గుడ్లు పెట్టడానికి ఆలివ్ రిడ్లే తాబేళ్లు వస్తాయి. నీళ్లలో తేలే కవర్ తాబేలు కంటికి జెల్లీ చేపలా ఉంటుంది. పోయినేడు మైపాడు బీచ్‌కు తీసుకెళ్లినప్పుడు పిల్లలు చచ్చిన తాబేలును చూశారు. అది వలలో చిక్కి చచ్చిందో, కవర్ మింగి చచ్చిందో మేమేం కోసి చూడలేదు, కానీ ఆ రాత్రి మా అమ్మాయి అన్నం తినలేదని ఒకమ్మ ఫోన్ చేశారు.

ఇక నేను అడిగేది. కర్రీ పాయింట్‌కు వెళ్లేటప్పుడు స్టీలు గిన్నె తీసుకెళ్లండి, మొహమాటపడొద్దు, మూత గట్టిది చూసుకోండి. పాల ప్యాకెట్ మూల పూర్తిగా తెంపకుండా కొంచెం వేలాడేలా కత్తిరిస్తే ముక్క ప్యాకెట్‌తోపాటే పాత సామాన్లవాళ్లకు చేరుతుంది. పుట్టినరోజుకు చాక్లెట్లొద్దు, అరటిపండ్లు పంపండి. కవర్లు ఇంటి ముందు కాల్చొద్దు, ఆ పొగ మన పిల్లలే పీలుస్తారు.

మేమూ సోమవారం నుంచి టీకి ఫ్లాస్కు పంపుతున్నాం. టీ కొట్టు అబ్బాయి నవ్వాడు, "మేడమ్, మీకెన్ని టీలో లెక్క తప్పుతుందే" అన్నాడు. స్టీలు గ్లాసుతో కొలిచి పొయ్యమన్నాను.

మీ హెడ్ మేడమ్