ఆరోగ్య విభాగం వార్షిక నివేదిక: ఈ ఏడాది నోటి ఆరోగ్యం

సభ్యులందరికీ నమస్కారం.

ఏటా మనం బీపీ, షుగరు, కంటి పరీక్షలు చేయిస్తూనే ఉన్నాం. నోటి సంగతి మాత్రం పన్ను సలిపినప్పుడే గుర్తొచ్చేది. ప్రపంచంలో దాదాపు 350 కోట్ల మందికి నోటి జబ్బులున్నాయని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. అందుకే ఈసారి మా విభాగం పనంతా నోటి చుట్టూనే పెట్టుకున్నాం.

సమావేశాల్లో ఎక్కువసేపు నడిచింది చిగుళ్ల గురించే. రక్తం వస్తోందని ఆ చోట బ్రష్ పెట్టడమే మానేసినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. రక్తం వస్తోందంటే సాధారణంగా అక్కడ పాచి పేరుకుని చిగురు వాచిందని అర్థం. మెత్తటి బ్రష్‌తో అక్కడే ఇంకా శ్రద్ధగా తోమాలి, తగ్గకపోతే డెంటిస్టుకు చూపించాలి. డాక్టరుగారు దవడ నమూనా తెచ్చి, బ్రష్‌ను 45 డిగ్రీలు వంచి, పన్నూ చిగురూ కలిసే అంచుకు ఆనించి ఎలా తోమాలో చూపించారు. తర్వాత అందరిచేతా చేయించారు.

షుగరు ఉన్న సభ్యులు ఈ భాగం తప్పక చదవాలి. షుగరు అదుపు తప్పితే చిగుళ్ల జబ్బు ముదురుతుంది. చిగుళ్లలో వాపు అలాగే ఉండిపోతే షుగరు ఓ పట్టాన దిగదు. చిగుళ్లకు వైద్యం చేయించుకున్నవాళ్లలో మూడు నాలుగు నెలలకు హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగరు చెప్పే రక్త పరీక్ష) సగటున 0.4 శాతం మేర తగ్గిందని ఎన్నో అధ్యయనాలను కలిపి చూసిన 2022 నాటి కాక్రేన్ సమీక్షలో ఉంది. షుగరు మందులు మానమని కాదు, వాటికి ఇది తోడు.

చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లలో గుండె జబ్బులూ ఎక్కువగానే కనిపిస్తాయి. అయితే దీనివల్లే అది వస్తుందని ఇంకా రుజువు కాలేదు కాబట్టి మన కరపత్రంలో అలా రాయలేదు. భయపెట్టి పళ్లు తోమించడం మాకిష్టం లేదు. గుండెలో కృత్రిమ కవాటం ఉన్నవాళ్లు మాత్రం పన్ను తీయించుకునే ముందు ఆ సంగతి డెంటిస్టుకు చెప్పి తీరాలి. నోటిలోని బ్యాక్టీరియా రక్తంలో కలిసి కవాటానికి ఇన్ఫెక్షన్ తెచ్చే ప్రమాదం ఉంది. అందుకే ముందుగా యాంటీబయాటిక్ ఇస్తారు.

మంచాన ఉన్న పెద్దవాళ్ల ఇళ్లకూ వెళ్లాం. కట్టుడు పళ్లు రాత్రి తీసి కడిగి పెట్టాలని, నోరు శుభ్రంగా ఉంటే న్యుమోనియా ముప్పు తగ్గుతుందని వాళ్లను చూసుకునేవాళ్లకు వివరించాం.

వచ్చే ఏడాది నోరు ఎండిపోయే సమస్య మీద పని చేస్తాం. బీపీకి, అలర్జీకి, డిప్రెషన్‌కు వాడే కొన్ని మందులతో లాలాజలం తగ్గి పళ్లు త్వరగా పుచ్చుతాయి. మొదటి సమావేశానికి మీరు వాడే మందుల చీటీ వెంట తెచ్చుకోండి.

ఆరోగ్య విభాగం