పాత బోర్డుల మీద పట్టా ఎందుకు వంగుతోంది, ఇప్పుడు ఎలా బిగిస్తున్నాం

మా దగ్గర హెచ్‌ఓ (అసలు రైలుకు 87వ వంతు సైజు నమూనా రైలు) లేఅవుట్ బోర్డు, అంటే పట్టా పరిచిన చెక్క, తీసుకున్న అందరికీ ఒక మాట. గత వేసవి దాకా మేం చేసిచ్చిన బోర్డుల్లో పట్టాను ప్లైవుడ్‌కు బిగించిన పద్ధతి మన అనంతపురం ఎండలకు నిలవలేదు. ఏప్రిల్ చివరికల్లా కొన్ని బోర్డుల మీద పట్టా విల్లులా పక్కకు వంగింది. బండి అక్కడికి రాగానే పడిపోతోంది. తప్పు మా బిగింపుదే. ఎక్కడ పొరపాటు పడ్డామో, ఇప్పుడేం మార్చామో, ఇంట్లో ఉన్న బోర్డును మీరే ఎలా సరిచేసుకోవచ్చో రాస్తున్నాం.

అప్పట్లో ప్రతి జాయింటుకూ టంకం వేసేవాళ్లం. స్లీపరు మధ్యలో పిన్నును తల ఆనేదాకా కొట్టేవాళ్లం. ఆపైన కంకర చల్లి, తెల్ల జిగురు నీళ్లు పోసి మొత్తం పట్టేసేవాళ్లం. చేత్తో కదిలిస్తే రాయిలా ఉండేది. చేటు తెచ్చింది ఆ గట్టిదనమే. నికెల్ సిల్వర్ పట్టా మీటరు పొడవుకు డిగ్రీకి సుమారు 0.017 మి.మీ. సాగుతుంది. 25 డిగ్రీలప్పుడు పరిచిన 914 మి.మీ. ఫ్లెక్స్ ట్రాకు (కావలసినట్టు వంచుకునే పట్టా) ముక్క, మిద్దె పైగదిలో 45 డిగ్రీలకు చేరితే 0.3 మి.మీ. పెరుగుతుంది. ఇంతేనా అనిపిస్తుంది. కానీ రెండు కొనలూ కదలకుండా పట్టేస్తే ఆ పెరిగింది పక్కకే పోవాలి. లెక్క కడితే ముక్క నడుమ 10 మి.మీ. దాకా వంగొచ్చు. అదే రోజుల్లో పొడిగాలికి ప్లై తేమ పోగొట్టుకుని కాస్త ముడుచుకుంటుంది కూడా. పైన పట్టా సాగుతుంటుంది, కింద చెక్క తగ్గుతుంటుంది. పెద్ద రైలు పట్టాకూ ఇదే బాధ. ఎండాకాలం మధ్యాహ్నాలు ట్రాక్‌మెన్ పట్టా వెంట నడిచి చూసుకునేది ఇందుకే.

పిన్నుల సంగతి వేరు. వాటికి ఎండతో పనిలేదు. తల ఆనాక ఇంకో దెబ్బ పడితే ప్లాస్టిక్ స్లీపరు నడుమ కిందికి కుంగుతుంది, రెండు పట్టాలూ లోపలికి వాలతాయి, గేజ్ (పట్టాల మధ్య ఎడం) తగ్గుతుంది. రెండు పట్టాల లోపలి అంచుల మధ్య 16.5 మి.మీ. ఉండాలి, వెర్నియర్‌తో కొలవండి. మన బ్రాడ్‌గేజ్ 1676 మి.మీ.ను 87తో భాగిస్తే 19.3 వస్తుంది కదా అని కొందరు అడుగుతున్నారు. నిజమే, కానీ బజారులో దొరికే ఇండియన్ ఇంజన్లు ఎక్కువగా 16.5 మీద నడిచేలాగే వస్తాయి.

ఇప్పటి పద్ధతి ఇది. 12 మి.మీ. బీడబ్ల్యూఆర్ (నీళ్లకు తట్టుకునే రకం) ప్లైకి పైన, కింద, నాలుగు అంచులకు రెండేసి కోట్లు ప్రైమరు వేస్తున్నాం. ఒక పక్కే వేస్తే తేమ రెండో పక్క నుంచి వచ్చీపోయీ బోర్డు పళ్లెంలా వంగుతుంది. ప్లై మీద 5 మి.మీ. కార్కు, దాని మీద అక్రిలిక్ సీలెంట్. సీలెంట్‌ను పుట్టీ బ్లేడుతో ఎంత పలచగా లాగాలంటే, కింద కార్కు రంగు కనబడుతూ ఉండాలి. పట్టా నొక్కినప్పుడు స్లీపర్ల సందుల్లోంచి పైకి ఉబికితే ఎక్కువైనట్టే, వెంటనే తడిగుడ్డతో తుడవాలి. పదిహేను నిమిషాల్లోపు వంపులు సరిచూసుకుని, పైన నీళ్ల సీసాలు వరసగా పేర్చి ఒక రోజు కదపకూడదు. ఆరాక కూడా రబ్బరులా మెత్తగా ఉంటుంది కాబట్టి పట్టా వెంట్రుకవాసి జరిగే వీలుంటుంది. మార్చాలంటే కింద పలచటి బ్లేడు తోస్తే చాలు, ఊడి వస్తుంది. వెనిగర్ వాసన వచ్చే సిలికాన్ మాత్రం వాడొద్దు. అది ఆరేటప్పుడు వచ్చే ఆమ్లం రాగి తీగనూ పట్టానూ తినేస్తుంది, దాని మీద రంగు కూడా అంటదు.

టంకం వంపుల్లోని జాయింట్లకే వేస్తున్నాం, లేకపోతే అక్కడ పట్టా మూల తిరుగుతుంది. తిన్నటి చోట ప్రతి జాయింటులోనూ విజిటింగ్ కార్డు మందం సందు ఉంటుంది. మే మధ్యాహ్నం పరిచే బోర్డుకు ఆ సందు అక్కర్లేదు, చలికాలంలో అదే తెరుచుకుంటుంది. సందు వదిలితే జాయినరు (రెండు పట్టా కొనలను కలిపే రేకు ముక్క) ఒక్కదాన్ని నమ్మి కరెంటు పంపలేం. అందుకే ప్రతి ముక్కకూ కింది నుంచి విడిగా రెండు తీగలు ఇస్తున్నాం. పాయింట్ల (బండి దారి మార్చే చోట్ల) కింద జిగురు చుక్క కూడా పడనివ్వం. కదిలే కడ్డీకి తగిలిందంటే ఆ పాయింటు పోయినట్టే. వాటిని కొనల దగ్గర రెండు పిన్నులతో వదులుగా ఆపుతున్నాం.

ఇక మీ పాత బోర్డు. కన్ను పట్టా ఎత్తుకు దించి, ఒక కొస నుంచి పొడవునా చూడండి. వంకర ఉంటే వెంటనే కనబడుతుంది. పిన్ను తల కింద కార్డు దూరకపోతే, చదునైన స్క్రూడ్రైవరుతో కార్డు దూరేంత మాత్రమే పైకి లేపండి. తిన్నటి చోట టంకం వేసిన జాయింటు పక్కన అర మిల్లీమీటరు కటింగ్ డిస్కుతో రెండు పట్టాల్లోనూ సందు కోయండి. ఈ పని తెల్లవారుజామున, గది చల్లగా ఉన్నప్పుడే చేయాలి. మధ్యాహ్నం పట్టా ఒత్తిడి మీద ఉంటుంది, కోతలో డిస్కును నొక్కేసి విరగ్గొడుతుంది. కళ్లద్దాలు లేకుండా కోయొద్దు. కోశాక రెండు వైపులా కరెంటు వస్తోందో లేదో మీటరుతో చూసుకోండి. రాని వైపుకు కొత్త తీగ కావాలి.

వంగిన చోట కంకర తియ్యాలంటే గోరువెచ్చటి నీళ్లలో రెండు చుక్కలు గిన్నెల సబ్బు కలిపి, ఇంకు ఫిల్లరుతో తడిపి ఇరవై నిమిషాలు ఆగండి. తెల్ల జిగురు మెత్తబడుతుంది, అప్పుడు బ్లేడు తోయండి. బలవంతంగా లాగితే స్లీపరు మీద పట్టాను పట్టుకునే చిన్న కొక్కేలు విరుగుతాయి. అవి విరిగితే ఆ ముక్క మార్చడమే. ప్లై మీద నీళ్లు నిలవనివ్వకుండా తుడుస్తూ ఉండండి.

చేసుకోలేమనుకున్నవాళ్లు బోర్డు దుకాణానికి తెండి. మేం బిగించిన బోర్డుకు మజూరీ తీసుకోం, విరిగిన ట్రాకు ముక్కల బదులు వేసేవి కూడా మా ఖర్చే. 8 అడుగుల బోర్డు తేవడం కష్టమైతే అనంతపురం ఊళ్లో అయితే మేమే వచ్చి చేస్తాం. కొత్త ఆర్డర్లకు ధర పెంచడం లేదు. ప్రైమరు, సీలెంట్ ఆరడానికి రోజులు పడుతున్నాయి కాబట్టి పది రోజుల్లో ఇచ్చే బోర్డు ఇక పద్నాలుగు రోజులకు ఇస్తాం.