సంక్రాంతి దాకా గుడ్లు కష్టమే, ఎందుకో చెప్తా

నా దగ్గర నాటుకోడి గుడ్లు తీసుకునే అందరికీ నమస్తే. దసరా దాటినప్పటి నుంచి గుడ్లు తగ్గుతూ వచ్చాయి, ఇప్పుడు మా ఇంటికే సరిగ్గా లేవు. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెప్పలేక అందరికీ కలిపి రాస్తున్నా. కోళ్లకి ఏ తెగులూ రాలేదు, వాటిని అమ్మేయలేదు, ఎక్కువ రేటొస్తుందని ఏ సూపర్ మార్కెట్‌కో మళ్లించడం కూడా లేదు. ఆ చివరి మాట అపార్ట్‌మెంట్ గ్రూపులో ఎవరన్నారో నాకు తెలుసు. ఇన్నేళ్లుగా గుడ్డు పగిలితే మారు మాట్లాడకుండా ఇంకోటి ఇచ్చిన మనిషిని అలా అంటారా అని మనసు నొచ్చుకుంది, సరే వదిలేద్దాం.

పెట్టలు ఈకలు రాలుస్తున్నాయి, సంగతి అదే. ఏడాది పైబడిన కోడి ఏటా ఒకసారి పాత ఈకలన్నీ వదిలేసి కొత్తవి తెచ్చుకుంటుంది. మన హైదరాబాద్ వైపు జూన్‌లో 13 గంటలు దాటే పగలు డిసెంబర్‌కి 11 గంటల చిల్లరకి వచ్చేస్తుంది కదా, ఆ పొద్దు తగ్గడమే వాటికి గుర్తు. ఈక అంటే దాదాపు అంతా ప్రోటీనే. తిన్న తిండి ఈకలకే సరిపోతుంది, గుడ్డు సంగతి పక్కన పెట్టేస్తుంది. ముందు తల, మెడ, తర్వాత ఒళ్లు, ఆఖర్న రెక్కలు, తోక. మొత్తం అయ్యేసరికి రెండు మూడు నెలలు పడుతుంది.

మా నల్ల పెట్టని చూస్తే మీకే జాలేస్తుంది. తోక పూర్తిగా పోయింది, మెడ మీద చర్మం కనిపిస్తోంది, అందులోంచి తెల్లటి గొట్టాల్లాంటి కొత్త ఈకలు పొడుచుకొస్తున్నాయి. వాటిలో రక్తం ఉంటుంది, చెయ్యి తగిలితే నొప్పి, అందుకే రోజూ చేతిలో గింజలు తినేది ఇప్పుడు దగ్గరికే రానివ్వదు. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల్లో బర్డ్‌ఫ్లూ వచ్చినప్పటి నుంచి ఈకలు ఊడిన కోడిని చూస్తే చాలు జనానికి టెన్షన్. జబ్బు చేసిన కోడి మూలన కూర్చుని తూగుతుంది, మేత ముట్టదు. ఇవి పొద్దున్నే గూడు తలుపు తీయగానే దాణా గిన్నె మీద పడుతున్నాయి.

ఇక మీకు చెప్పాలనుకున్న అసలు సంగతి. మాకు దాణా వేసే వ్యాపారి గుడ్ల వ్యాపారం కూడా చేస్తాడు. పరిస్థితి చూసి ఒక ట్రే గోధుమ రంగు ఫారం గుడ్లు పట్టుకొచ్చాడు. "మీ ట్రేల్లో సర్దేయండి, ఎవడు కనిపెడతాడు, అందరూ చేసేదేగా" అన్నాడు. నిజం చెప్పాలంటే వెంటనే కాదనలేకపోయా. దాణా ఖర్చు ఆగదు, ఆదాయం సున్నా, ఇంట్లో వాళ్లేమో "ఫారం గుడ్లని చెప్పే అమ్ము, తప్పేముంది" అన్నారు. రాత్రంతా అదే ఆలోచన. చెప్పి అమ్మినా ఆ గుడ్డు నా ట్రేలో వస్తుంది, రేపు నా సొంత గుడ్డు ఇచ్చినప్పుడు కూడా మీరు ఒకసారి తిప్పి చూస్తారు. పెంకు రంగు కోడి రకాన్ని బట్టి వస్తుంది, గోధుమ రంగుంటే నాటుదైపోదు, పచ్చసొన రంగు మేతని బట్టి ఉంటుంది. చూసి పట్టుకోలేరనే కదా ఆయన ధైర్యం! పొద్దున్నే ట్రే తిరిగి పంపించేశా. ఆయనకి కోపమొచ్చింది. తర్వాత పంపిన వేరుశనగ చెక్క బస్తా విప్పితే బూజు వాసన. అది కోళ్లకి విషమే, మొత్తం వెనక్కి ఇచ్చేసి దాణా ఇంకో చోట తెచ్చుకుంటున్నా. డబ్బులు ఇంకా రాలేదు. వదిలిపెట్టను.

షెడ్లో బల్బు పెట్టి పొద్దు పొడిగించొచ్చు కదా అని కొందరు అడిగారు. పెట్టొచ్చు, గుడ్ల కోసమే కోళ్లని పెంచే లేయర్ ఫారాల్లో పదహారు గంటల దాకా వెలుతురిస్తారు. ఈకలు రాక ముందే వాటిని తొందరపెట్టడం నాకిష్టం లేదు. మొండి అనుకోండి. ఈకలకి ప్రోటీన్ కావాలి కాబట్టి సోయా చెక్క, ఉప్పు లేని ఎండుచేపల పొడి పెడుతున్నా, నీళ్ల మీద తేలుతూ పెరిగే అజొల్లా అనే చిన్న మొక్కని పెంచి వేస్తున్నా, దొరికిన రోజు చెదలు. గవ్వ పొడి విడిగా పెట్టా, కావలసినవి తింటాయి.

పాలిపోయిన తురాయి మళ్లీ ఎర్రబడి, వీపు మీద చెయ్యి వేస్తే పెట్ట వంగి కూర్చుందంటే గుడ్డుకి దగ్గరపడ్డట్టు. రెండు పెట్టలకి ఇప్పుడే ఎరుపు కనిపిస్తోంది. అన్నీ ఒకేసారి మొదలుపెట్టవు కాబట్టి సంక్రాంతి నాటికి కొందరికే ఇవ్వగలను, బాలింతలూ చిన్నపిల్లలూ ఉన్న ఇళ్లకి ముందు. ఈసారి గుడ్డు కాస్త పెద్దదిగా, పెంకు గట్టిగా ఉంటుంది, కానీ పోయినేడు పెట్టినన్ని పెట్టవు, ముందే చెప్తున్నా. రేటు మార్చడం లేదు. అడ్వాన్స్ ఇచ్చినవాళ్లు వెనక్కి కావాలంటే మెసేజ్ పెట్టండి, అదే రోజు పంపిస్తా. ఉంచుకోమంటే లెక్కలో ఉంటుంది. పాత ట్రేలు మాత్రం పారేయకుండా తడి తగలని చోట పెట్టండి, వాటికి కూడా ఇప్పుడు డబ్బులే.