రుషికొండకు వెట్‌సూట్ ఎందుకు?

సంపాదకులకు,

రుషికొండ అలల మీద సర్ఫింగ్ నేర్చుకుంటున్న పిల్లల గురించి గత ఆదివారం మీరు వేసిన వ్యాసం చదివి ముచ్చటపడ్డాను. పెదవాల్తేరులో పెరిగిన మాకు ఆ రోజుల్లో సముద్రమంటే మోకాళ్లు తడవగానే వెనక్కి పరుగెత్తడమే. అయితే ‘కావలసిన సామగ్రి’ అన్న చోట చన్నీళ్లలో ఒంటిని వెచ్చగా ఉంచే రబ్బరు సూటు, అంటే 4/3 వెట్‌సూట్ తప్పనిసరి అని రాశారు. అది నమ్మి ఏ తండ్రో వేలకు వేలు పోసి కొనేలోగా సవరణ వేయండి.

విశాఖ దగ్గర నీరు జనవరిలో కూడా సాధారణంగా 25 డిగ్రీల కిందికి దిగదు. మే నెలలో 29, 30 దాకా పోతుంది. ఆ నీటిలో ఛాతీ మీద 4, కాళ్లకూ చేతులకూ 3 మిల్లీమీటర్ల మందాన నియోప్రీన్ రబ్బరు తొడిగితే పిల్లవాడు ఆవిరి కుడుము అవుతాడు. సాగే బట్టతో కుట్టిన పొడుగు చేతుల లైక్రా చొక్కా చాలు. ఎండనూ, కాలు జారకుండా బోర్డుకు పూసే మైనం ఒరిపిడినీ అదే ఆపుతుంది.

నేను చేసిన తప్పు దీనికి తలకిందులు. నలభై ఒకటో ఏట కాలిఫోర్నియాలోని శాంటాక్రూజ్‌లో సర్ఫింగ్ మొదలుపెట్టాను. మే నెల, ఎండ బాగా ఉంది, వాల్తేరు బుద్ధి ఎక్కడికి పోతుంది? 2 మిల్లీమీటర్ల సూటు, అదీ చవగ్గా వస్తోందని ఒక సైజు పెద్దది కొన్నాను. మొదటి అలకే మెడ దగ్గర దూరిన మంచునీళ్లు చెంబుతో పోసినట్టు వెన్నంతా జారాయి. పావుగంటలో ఒడ్డున ఉన్నాను. కారు తాళం తిప్పడానికి వేళ్లు మాట వినలేదు. పక్క కారులోని పెద్దావిడ ఒకరు ఫ్లాస్కులో తెచ్చుకున్న గోరువెచ్చని నీళ్లు నా చేతుల మీద పోస్తూ, నీళ్లు ఎన్ని డిగ్రీలున్నాయో చూసుకున్నావా అని అడిగారు. చూసుకోలేదు. 12.

అక్కడ నీరు బాగా చల్లబడేది వసంతంలో. వాయవ్య గాలులకు తీరంలోని పైనీరు సముద్రం లోపలికి జరిగిపోతుంది, దాని చోటికి అడుగున ఉన్న చల్లనీరు ఎక్కి వస్తుంది. మళ్లీ కాస్త వెచ్చబడేది వేసవి చివరికే. అందుకే ఏడాదంతా 4/3, వసంతంలో దానికి తోడు బూట్లు. తమాషా ఏమిటంటే మన ఒడ్డునా చిన్నపాటిగా ఇదే జరుగుతుంది. 1950లలో కాలిఫోర్నియా నుంచే ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చిన సముద్ర శాస్త్రవేత్త యూజీన్ లాఫాండ్ దాని గురించి రాశారు కూడా. మన దగ్గర ఆ చల్లదనమూ లైక్రా చొక్కాకే లొంగుతుంది, అది వేరే సంగతి.

ఇంగ్లండుకో అమెరికాకో చదువుకు వెళ్లే పిల్లలకు మాత్రం సూటు అవసరమే. ఇంగ్లండు నైరుతి తీరంలోని కార్న్‌వాల్‌లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో నీరు 9, 10 డిగ్రీలు ఉంటుంది. 5 మిల్లీమీటర్లది, చేతితొడుగులు, తలకు టోపీ లేనిదే దిగలేరు. ఎంత మందమైనా వదులుగా ఉంటే దండగ. సూటులో చిక్కిన పలుచని నీటి పొర ఒంటి వేడికి వెచ్చబడి అక్కడే నిలవాలి. చంకలోనో నడుము వెనకో గుప్పెట్లోకి వచ్చేంత వదులుంటే ప్రతి అలకూ ఆ నీరు పోయి చల్లది చేరుతుంది. సరైన కొలతది తొడుక్కోవడం కుస్తీయే. పాదానికి కూరగాయల ప్లాస్టిక్ సంచి తొడిగి దూరిస్తే సర్రున జారుతుంది. వీడియో కాల్‌లో ఇది చూసి మా అమ్మ, “ఇదెక్కడి సముద్ర స్నానమే!” అంది.

ఒక విన్నపం. విశాఖ పేజీలో రోజూ గాలి ఉష్ణోగ్రత వేస్తారు. దాని పక్కన సముద్రపు నీటిదీ వేయండి. ఉపగ్రహాలు కొలిచే ఆ ఉష్ణోగ్రతలను కూడా చూసి, హైదరాబాద్‌లోని కేంద్ర ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ మన మత్స్యకారులకు చేపలు దొరికే చోట్లు చెబుతోంది. మీకు పట్టేది రెండంకెల చోటే.

– ఒక పాఠకురాలు,
శాన్‌హోసే (స్వస్థలం: పెదవాల్తేరు, విశాఖపట్నం)