రాత్రి డ్యూటీలో ఎంతమంది?

సంపాదకులకు,

మా అత్తగారు మంచాన పడ్డాక హైదరాబాద్‌లో ఒక ప్రైవేటు వృద్ధాశ్రమంలో చేర్చాం. పేరు వద్దులెండి. అక్కడికొచ్చే వాళ్లలో ఎవరిని అడిగినా ఒక్కో మాట. అమెరికా నుంచి వీడియో కాల్‌లో చూసే ఓ కొడుకు 'బ్రహ్మాండం' అంటాడు. పక్క మంచం పెద్దాయన కూతురు మాత్రం వచ్చీ రాగానే దుప్పటి ఎత్తి మడమలు, నడుము కింద చూస్తుంది. నేను ఆవిడ మాటే నమ్ముతాను. కదల్లేని వాళ్లను రెండు గంటలకోసారైనా పక్కకు తిప్పకపోతే పుండ్లు పడతాయి. రాత్రిపూట హాలు మొత్తానికి ఒక్క ఆయా ఉంటే తిప్పేదెవరు? ఆ అమ్మాయిని తిట్టి ఏం లాభం?

తల్లిదండ్రులు, వృద్ధుల సంక్షేమం కోసం తెచ్చిన 2007 చట్టం, ప్రభుత్వం జిల్లాకు కనీసం ఒక వృద్ధాశ్రమం పెట్టవచ్చంది, సరే. అధికారులారా, ముందు ప్రైవేటు ఆశ్రమాల గేటు దగ్గర రాత్రి డ్యూటీ సిబ్బంది సంఖ్య బోర్డు మీద రాయించండి. తనిఖీకి కూడా రాత్రి పదింటికి, చెప్పాపెట్టకుండా రండి.

– ఒక కోడలు, కూకట్‌పల్లి